పొద్దున ఎవరినీ అడగక్కర్లేని ఇల్లు

బడి ఉన్న రోజు పొద్దున ఏడున్నర ప్రాంతంలో తాండూరు బస్తీల్లోనైనా, వికారాబాద్ కాలనీల్లోనైనా ఇళ్ళలోంచి వినిపించే మాటలు ఇంచుమించు ఒకటే. "అమ్మా, నా బెల్టు ఏడుంది?" "సాక్సు ఒక్కటే ఉంది, ఇంకోటి ఏది?" "ఇయ్యాల తెల్ల డ్రెస్సా, మామూలుదా?" "డైరీల సంతకం పెట్టలే!" అడిగేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, జవాబు చెప్పాల్సిన మనిషి ఒక్కతే. ఆమె చేతులకు అప్పుడు జొన్నపిండి అంటుకుని ఉంటుంది, లేదా ఆ చేతుల్లో చిన్నపిల్ల జడ సగంలో ఉంటుంది. జవాబు ఆలస్యమైతే పిల్లలు గొంతు పెంచుతారు, వాళ్ళు గొంతు పెంచితే తల్లికి చిరాకొస్తుంది, ఈలోగా సందు మొదట్లో ఆటో హారన్ మోగుతుంది. ఈ రభసకు మనం మామూలుగా చెప్పుకునే కారణాలు రెండు: టైం చాలట్లేదు, పిల్లలు మాట వినట్లేదు. అసలు చిక్కు ఇంకో చోట ఉందని నా వాదన. ఏ వస్తువు ఎక్కడుందో, ఏ రోజు ఏం కావాలో ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. ఆ లెక్కంతా ఆమె తలలోంచి దిగి గోడల మీదికి, అరల్లోకి, పిల్లల చేతికి అందే ఎత్తులోకి వస్తే తప్ప, ఆమె ఎంత పెందలాడే లేచినా ఆ గంట నెమ్మదించదు.

అరగంట ముందు లేస్తే సరిపోతుంది కదా అనేది అందరూ ఇచ్చే సలహా. ఈ ప్రాంతపు ఇళ్ళు ఆ సలహాను ఎప్పటినుంచో పాటిస్తూనే ఉన్నాయి. 2024 జూలైలో తెలంగాణలో ఉన్నత పాఠశాలల వేళను తొమ్మిదిన్నర నుంచి తొమ్మిదికి జరిపారు. ప్రైవేటు బడి బస్సైతే యాలాల, బషీరాబాద్, పెద్దేముల్ వైపు ఊళ్ళన్నీ తిరిగి రావాలి కాబట్టి, మొదటి స్టాపు పిల్లలు ఇంకా ముందే ఎక్కాలి. మార్చి 15 వచ్చిందంటే ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఎనిమిదికల్లా తరగతిలో ఉండాలి. వేళ ముందుకు జరిగిన ప్రతిసారీ ఇళ్ళలో అలారం కూడా ముందుకు జరిగింది, దాంతోపాటు గొడవ కూడా జరిగింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. వికారాబాద్ జంక్షన్‌లో బీదర్ వైపు నుంచి బండీ, వాడి వైపు నుంచి బండీ ఒకే వేళకు వచ్చి ఒకే లైను ఎక్కాలంటే ఏదో ఒకటి సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే. రెండిటినీ అరగంట ముందు బయల్దేరదీసినా అది తప్పదు. ఇంట్లో తల్లే ఆ ఒక్క లైను. బెల్టు, టిఫిన్ డబ్బా, నోటుబుక్కు, దువ్వెన, చిల్లర డబ్బులు అన్నీ ఆమె మీదుగానే పోవాలి. కొన్ని పనులైనా ఆమె దాకా రాకుండా వేరే దారిన పోవాలి, అది ఇల్లు సర్దుకునే తీరులో ఉంది.

ఆ బరువు ఎవరి మీద ఉందో చెప్పడానికి అంకెలున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనుల్లో రోజూ పాల్గొనే ఆడవాళ్ళు 81.2 శాతం, మగవాళ్ళు 26.1 శాతం. ఆ పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. గుర్తుంచుకునే పని, అంటే రేపు డ్రాయింగ్ పీరియడ్ ఉందనీ, చిన్నవాడి షూ లేసు తెగిందనీ మనసులో మోయడం, ఈ నిమిషాల్లో కలవనే కలవదు. 2010లో డార్బీ శాక్స్‌బీ, రీనా రెపెట్టీ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగాలు చేసే దంపతులను తమ ఇల్లు తామే చూపిస్తూ మాట్లాడమన్నారు. ఇల్లు చిందరవందరగా ఉందని, పనులు సగంలో మిగిలిపోయాయని ఎక్కువగా చెప్పుకున్న భార్యల్లో, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను సాయంత్రానికి తగ్గాల్సినంతగా తగ్గట్లేదని తేలింది. చిందరవందర వల్లే ఒత్తిడి వచ్చిందా, ఒత్తిడిలో ఉన్నవాళ్ళకే ఇల్లు చిందరగా కనిపించిందా అనేది ఆ ఒక్క అధ్యయనంతో తేలదు, దాన్ని అంతకుమించి లాగకూడదు. అయినా వస్తువుల అమరికకూ మనసుకూ ముడి ఉందనడానికి ఆ సాక్ష్యం చాలు. బార్బరా ఫీస్, మరి కొందరు 2002లో కుటుంబాల దినచర్యల మీద 50 ఏళ్ళ పరిశోధనలను ఒకచోట చేర్చి చూసినప్పుడూ, రోజువారీ పనులు ఒక క్రమంలో జరిగే ఇళ్ళలో పిల్లల కుదురుకూ, తల్లిదండ్రులకు తమ మీద తమకున్న నమ్మకానికీ సంబంధం కనిపించింది.

అమరిక అనగానే పెద్దింటివాళ్ళ ముచ్చట అనుకుంటాం. దాని పుట్టుక చూస్తే శ్రమచేసే మనుషుల దగ్గర కనిపిస్తుంది. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇటుకలు పేర్చే పనితో జీవితం మొదలుపెట్టాడు. మేస్త్రీ ఒక్కో ఇటుక కోసం నేలదాకా వంగి లేవడం చూసి, ఇటుకలు అతని నడుము ఎత్తులో ఉండేలా మంచె కట్టించాడు. ఒక్కో ఇటుకకు 18 కదలికలు పట్టే పని 5 లోపుకు దిగింది. మేస్త్రీని తొందరపెట్టలేదు, తిట్టలేదు, సామాను ఎత్తు మార్చాడంతే. అతని భార్య, పన్నెండు మంది పిల్లల తల్లి అయిన లిలియన్ గిల్‌బ్రెత్ తర్వాత అదే ఆలోచనను వంటిళ్ళకు తెచ్చింది. ఇంకో వైపు, 1907 జనవరిలో రోమ్ నగరపు కూలీల పేట శాన్ లోరెంజోలో, తల్లిదండ్రులు పనికి పోతే మెట్ల మీద తిరిగే పిల్లల కోసం మరియా మాంటిస్సోరి ఒక బడి తెరిచింది. అక్కడ అరలు పిల్లల ఎత్తుకు కట్టించింది, బల్లలు పిల్లలు మోయగలిగేంత తేలికగా చేయించింది. ఆ పసివాళ్ళు తమ సామాను తామే తీసుకుని, తామే తిరిగి పెట్టేవాళ్ళు. ఆమె 1939లో మద్రాసు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది కాబట్టి, ఈ పద్ధతి మనకు పరాయిదేమీ కాదు. ప్లేస్కూళ్ళ బోర్డుల మీద ఆమె పేరు మిగిలింది కానీ, ఆమె దించిన అర మాత్రం మన ఇళ్ళలోకి రాలేదు.

మన ఇంట్లో బడి సామాను ఏ ఎత్తులో ఉంటుందో ఒకసారి చూడండి. యూనిఫాం బీరువాలో పై అరలో, టై చిలుకకొయ్యకు, ఆ కొయ్య పెద్దవాళ్ళ తలకంటే ఎత్తులో. దువ్వెన అద్దం వెనక, ఆ అద్దం తండ్రి గడ్డం గీసుకునే ఎత్తులో. నీళ్ళ సీసా వంటింటి గట్టు మీద. ఆరేళ్ళ పిల్ల సగటు ఎత్తు నాలుగడుగుల లోపే, ఆమె భుజం దాదాపు మూడడుగుల దగ్గర ఉంటుంది. అంటే ఆ ఇంట్లో ఆమెకు కావలసిన వస్తువుల్లో చాలావరకు ఆమె చేతికి అందవు. తర్వాత మనమే "నీ పని నువ్వు చేసుకోవా?" అని కసురుతాం. మొదట చేయాల్సిన పని ఇదే: వీధి తలుపు దగ్గర, ఒక్కో బిడ్డకు ఒక్కో చోటు, మూడడుగుల ఎత్తులో రెండు కొక్కేలు, కింద ఒక అర. ఒక కొక్కానికి బడి సంచి, ఇంకోదానికి టై, బెల్టు, ఐడీ కార్డు కలిపి. అరలో బూట్లు, బూట్లలోనే సాక్సులు. ఈ అరకు వడ్రంగి అక్కర్లేదు. తాండూరు చుట్టుపక్కల గనుల్లోంచి, పాలిష్ యూనిట్లలోంచి నీలం, పసుపు బండలు దేశమంతా పోతాయి. కోతలో మిగిలిన ముక్క ఒకటి తెచ్చి, రెండు వైపులా రెండేసి ఇటుకలు పెట్టి దాని మీద వేస్తే అర సిద్ధం. తడిసిన బూట్లు పెట్టినా పాడవదు, గుడ్డతో తుడిస్తే శుభ్రం. చోటు తలుపు దగ్గరే ఎందుకంటే, సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లవాడు సంచి దించేది అక్కడే. అలవాటున్న చోటికి మనం కొక్కెం తీసుకుపోవాలి. లోపలి గదిలో కొక్కెం కొట్టి అక్కడికి రమ్మంటే నాలుగు రోజుల తర్వాత సంచి మళ్ళీ గడప దగ్గరే పడుంటుంది.

బట్టల విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బండల లారీలు, సిమెంటు లారీలు తిరిగే రోడ్ల పక్కన దండెం మీద రాత్రంతా ఆరిన తెల్ల చొక్కా పొద్దునకు తెల్లగా ఉండదు. ప్రభుత్వ బడి పిల్లలకు ఏడాదికి ఇచ్చేది రెండు జతల యూనిఫాం, బడి వారానికి ఆరు రోజులు. కాబట్టి ఉతుకు ఏ రోజుకు పడుతుందనేది అదృష్టానికి వదిలేయకుండా ముందే తేల్చుకోవాలి. ఒక జత విప్పిన సాయంత్రమే ఉతికి ఇంట్లోనే, ఫ్యాను కింద తాడు కట్టి ఆరేస్తే, రోజు విడిచి రోజు జతలు మారుతూ పోతాయి, దుమ్ము కూడా పట్టదు. చలికాలంలో అనంతగిరి గుట్టల చుట్టుపక్కల రాత్రి మంచుకు బయట ఆరేసినవి పొద్దునకు చెమ్మగానే ఉంటాయి, అప్పుడు తడి చొక్కా మీద ఇస్త్రీ పెట్టె రుద్దుతూ పది నిమిషాలు పోతాయి. మర్నాటి జత రాత్రే మడిచి, లోదుస్తులు, దస్తీతో సహా ఒకే కట్టగా ఆ పిల్లవాడి అరలో పెట్టాలి. బీరువా తలుపు పొద్దున తెరవాల్సిన అవసరమే ఉండకూడదు.

పుస్తకాల సంచిది ఇంకా ముఖ్యం. పొద్దున హడావుడిలో సర్దే సంచి ఎప్పుడూ బరువెక్కువ ఉంటుంది, ఏ పీరియడ్ ఉందో చూసుకునే తీరిక లేక పిల్లలు అన్నీ కుక్కుకుంటారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో సంచి బరువుకు హద్దులు పెట్టింది: ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, మూడు నుంచి ఐదుకు రెండు మూడు కిలోలు, పదో తరగతికి ఐదు కిలోలు. 2020 నాటి కేంద్ర విధానం పిల్లల బరువులో పదోవంతు మించొద్దంది. ఈ హద్దులు దాటడం బడుల తప్పే అంటాం, చాలావరకు నిజమే. అయితే టైం టేబుల్ కాగితం పిల్లవాడి కళ్ళ ఎత్తులో అతికించి, రాత్రి అన్నానికి ముందు దాని ప్రకారం సంచి సర్దే అలవాటు చేస్తే, రేపటికి అక్కర్లేని పుస్తకాలు అరలోనే ఉండిపోతాయి. చదవడం ఇంకా రాని పిల్లలకు పుస్తకాల అట్టలకు వేసే రంగు కాగితమే టైం టేబుల్: తెలుగుకు ఒక రంగు, లెక్కలకు ఒక రంగు, కాగితం మీద కూడా అవే రంగులు. డైరీలో సంతకం, ఫీజు చీటీ, రేపు తెమ్మన్న చార్టు, ఇవన్నీ బయటపడేది సంచి తెరిచినప్పుడే. రాత్రి ఏడున్నరకు బయటపడితే కొట్టు తెరిచే ఉంటుంది. పొద్దున ఏడున్నరకు బయటపడితే ఏడుపే గతి.

వంటింటి గురించి ఎక్కువ చెప్పను, అక్కడ ఆడవాళ్ళకు తెలియని కిటుకు పుస్తకాల్లో ఉండదు. ఒక్క మాట మాత్రం. పొద్దున వంటలో ఆలస్యం చేసేది వండటం కంటే ఏం వండాలో తేల్చుకోవడం. వారానికి ఆరు డబ్బాల పట్టిక ఆదివారం రాసుకుంటే ఆ చర్చ పొద్దున ఉండదు. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న మన తాండూరు కందిపప్పు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి, వారంలో మూడు రోజులు పప్పే అయినా పిల్లలకు నష్టం లేదు. ఒకరోజు పాలకూర, ఒకరోజు టమాట, ఒకరోజు మామిడికాయ. నీళ్ళ సీసాలు రాత్రే నింపి పిల్లల అర మీద పెట్టాలి. నల్లా వచ్చే వేళా, స్నానాల వేళా ఒకటే అయిన ఇళ్ళలో బకెట్లు ముందురోజే నింపుకుంటే గొడవలో సగం తగ్గుతుంది.

ఇంతా విన్నాక వచ్చే మొదటి అభ్యంతరం: "మాది రెండర్రల కిరాయి ఇల్లు, ఓనరు మేకు కూడా కొట్టనియ్యడు, అరలెక్కడ పెట్టాలె?" సరైన మాటే. అయితే స్థలం తక్కువున్న చోటే అమరిక ఎక్కువ అవసరం. నాలుగు గదుల ఇంట్లో బెల్టు పోతే వెతకడానికి చోటుంది, రెండర్రల ఇంట్లో ఒకరు వెతుకుతుంటే మిగతావాళ్ళు కదలలేరు. ఇటుకల మీద బండ ముక్కకు మేకు పని లేదు. తలుపు రెక్క పైనుంచి వేలాడే ఇనుప కొక్కేలు స్టీలు సామాన్ల దుకాణంలో తక్కువ ధరకే దొరుకుతాయి, వాటికి ఒక తాడు కట్టి కిందికి దించితే పిల్లల ఎత్తుకు వస్తాయి. పల్లెల్లో ఇంకో ఇబ్బంది ఉంది. పత్తి ఏరిన రోజుల్లో, ధర పలికేదాకా ఆ పత్తి ఇంట్లో ఒక అర్రనంతా ఆక్రమిస్తుంది. చలికాలం ముదిరేసరికి కంది బస్తాలు వస్తాయి. అలాంటి ఇంట్లో పిల్లల చోటు కదిలిపోవడానికి వీల్లేకుండా తలుపు వెనక మూలలో, ఒకటిన్నర అడుగు వెడల్పులో ఉంటే చాలు. బస్తా అక్కడ పెట్టకూడదని ఇంట్లో అందరూ అనుకోవాలి, ఆ కట్టుబాటు అర కంటే ముఖ్యం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పాలిష్ యూనిట్లో పగలంతా నిలబడి వచ్చిన తల్లికి, పత్తి చేను నుంచి చీకటి పడ్డాక వచ్చిన తల్లికి రాత్రి ఇవన్నీ సర్దే ఓపిక ఎక్కడిది? పొద్దుటి పనిని రాత్రికి మారిస్తే ఆమెకు ఒరిగిందేమిటి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఇల్లు సర్దుకోమనే పుస్తకాలు జారుకుంటాయి, అది అన్యాయం. పని ఆమె చేతుల్లోనే ఉండి వేళ మాత్రం మారితే నిజంగానే ఒరిగేదేమీ లేదు. అరలు కిందికి దించేది పిల్లలు చేసుకోవడానికి, సర్దడం తండ్రి కూడా చేయగలగడానికి. తండ్రికి ఇంట్లో సామాను ఎక్కడుందో తెలియకపోవడం చాలా ఇళ్ళలో సోమరితనం కంటే అమరిక లోపమే. అడిగితే తప్ప దొరకని ఇంట్లో, అడిగే బదులు ఆమే చేసేయడం తేలికవుతుంది, అలా ఏళ్ళు గడిచిపోతాయి. హైదరాబాద్ ఉద్యోగానికి పొద్దున్నే రైలెక్కే తండ్రి ఏడున్నరకు ఇంట్లో ఉండడు, కానీ రాత్రి తొమ్మిదికి ఉంటాడు. సంచుల తనిఖీ, డైరీ సంతకం, బూట్లకు పాలిష్, ఈ మూడూ అతనివి. నాయనమ్మ, తాతయ్య ఉన్న ఇంట్లో చిన్నపిల్లల జడలు, గుండీలు వాళ్ళ చేతికి వెళ్ళొచ్చు. తండ్రి తీసుకున్న ఆ మూడు పనులూ ఏ రాత్రీ తల్లి చేతికి తిరిగి రాకుండా ఒక నెల సాగితే, తర్వాత ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

"మేము ఇవన్నీ లేకుండానే పెరిగినం" అనే పెద్దల మాట కొట్టిపారేయదగ్గది కాదు. వాళ్ళ బడి ఊళ్ళోనే ఉండేది, గంట వినిపించాక బయల్దేరినా చేరేవాళ్ళు. టై లేదు, బెల్టు లేదు, ఐడీ కార్డు లేదు, పలకా బలపమూ నాలుగు పుస్తకాలూ ఉన్న సంచి ఒకటే. ఇప్పుడు ఒక ఒకటో తరగతి పిల్ల గడప దాటాలంటే మర్చిపోకూడని వస్తువులు పది పన్నెండు తేలుతాయి. అంత సామాను బడి పెట్టింది, దాన్ని గుర్తుపెట్టుకునే భారం మాత్రం ఇంటి మీద పడింది. పాత రోజుల ఇల్లు ఈ బరువుకు కట్టింది కాదు. అందుకే బడిని కూడా గట్టిగా అడగాల్సినవి ఉన్నాయి: వారానికి రెండు రకాల యూనిఫాం అవసరమా, చార్టు తెమ్మని రెండు రోజుల ముందు చెప్పలేరా అని తల్లిదండ్రుల సమావేశంలో నలుగురు కలిసి అడిగితే వినే బడులు ఉంటాయి.

పిల్లలను ఇలా కొక్కేలకూ పట్టికలకూ కట్టేస్తే పసితనం ఏమవుతుందని ఇంకొందరి బాధ. నాకూ ఆ పసితనం ముఖ్యమే, ఈ అధ్యాయమంతా దాని కోసమే. ఇప్పుడు మన పిల్లల పసితనానికి పొద్దుటి గంటలో దొరుకుతున్నది తిట్లు, లాగుడు, ఒక్కోసారి వీపు మీద దెబ్బ, కళ్ళు తుడుచుకుంటూ ఆటో ఎక్కడం. తన బూట్లు తనకు దొరికిన పిల్లకు ఎవరినీ బతిమాలే పని లేదు, ఎవరి కోపానికీ భయపడే పని లేదు. మిగిలిన పది నిమిషాల్లో ఆమె గోడ మీద కోతిని చూసినా, తమ్ముడితో ఆడినా, ఊరికే కూర్చున్నా మన సొమ్మేం పోదు. ఒకరోజు టై మర్చిపోయి వెళ్తే వెళ్ళనివ్వండి, పరుగెత్తుకుంటూ వెనక పోయి అందించకండి. ఆ సాయంత్రం కొక్కెం దగ్గర ఆమే ఒకసారి చూసుకుంటుంది. పట్టిక తయారు చేసేటప్పుడు పిల్లలను కూర్చోబెట్టుకోవాలి, ఏ కొక్కెం ఎవరిదో వాళ్ళే ఎంచుకోవాలి. పెద్దవాళ్ళు ఒక్కరే గీసి గోడకు అంటించిన పట్టిక అక్కడే రంగు వెలిసిపోతుంది.

ఈ ఏర్పాటును ఏడాదిలో మూడుసార్లు తిరగేసుకోవాలి. జూన్ 12న బడులు తెరిచే ముందు కొత్త ఎత్తుకు తగ్గట్టు కొక్కేలు పైకి జరపాలి, పిల్లలు ఏడాదిలో రెండు అంగుళాలు పెరిగి ఉండొచ్చు. చలికాలం మొదట్లో స్వెట్టరుకు ఇంకో కొక్కెం కావాలి, జనవరిలో ఇక్కడ పొద్దు పొడిచేసరికి ఆరూ యాభై అవుతుంది కాబట్టి తలుపు దగ్గర బల్బు ఉండాలి. మూడోది మార్చి 15, ఒంటిపూట బడుల ముందు. ఆ రోజుల్లో పొద్దు ఆరున్నరకు గానీ పొడవదు, బడి మాత్రం ఎనిమిదికే. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఆరుకు లేవాల్సిన పిల్లవాడు ఆ లెక్కన రాత్రి తొమ్మిదికల్లా నిద్రలో ఉండాలి, అంటే టీవీ, ఫోను ఎనిమిదిన్నరకే ఆగాలి, పెద్దవాళ్ళవి కూడా. ఒక్క రాత్రిలో గంట ముందు పడుకోమంటే ఏ పిల్లవాడికీ నిద్ర పట్టదు. మార్చి 8 నుంచే రోజుకు పది నిమిషాల చొప్పున అన్నం వేళా, పడక వేళా ముందుకు జరుపుతూ వస్తే, 15వ తేదీకి ఇల్లంతా కొత్త వేళకు అలవాటుపడి ఉంటుంది.